కుబులో అమాస కూడు

మొన్న ఆదివారం మా మనవరాలు స్నేహితులతో సముద్రం ఒడ్డుకి పిక్నిక్ పోయి వచ్చింది. వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా, ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "అమ్మమ్మా, చూడు, ఎంత క్యూట్‌గా ఉందో-లా!" అంది, ఇక్కడోళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి. కళ్ళజోడు వెతుక్కుని చూసినాను. నాచు పట్టిన సిమెంటు గూడు. మనిషి గుండెల ఎత్తున అడ్డంగా చీలిక లాంటి కిటికీ. దాని నెత్తి మీద మా పిల్ల కాళ్ళు వేలాడేసి కూర్చుని కజ్జికాయ లాంటి కరిపాపు కొరుకుతోంది. పక్కన ఓ బోర్డు పాతి ఉంది. అందులో ఏటి రాసుందే అనడిగితే చదివింది. యుద్ధ కాలంలో జపాను సైన్యం దీన్ని కట్టింది అని రాసినారంట.

జపాను సైన్యం కట్టిందంట! నా ఒళ్ళు మండిపోయింది. వాళ్ళలో ఒక్కడు ఒక్క తట్ట ఇసక నెత్తికెత్తినాడా? కర్ర పట్టుకుని నిలబడి "బగేరో" అని తిట్టినారు, అంతే. "అది కట్టింది మీ ముత్తాత" అన్నాను. "వావ్, ముత్తాత ఇంజినీరా?" అంది మా పిల్ల. ఏటి చెప్పమంటారు? కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో పదకొండో అంతస్తులో పుట్టి పెరిగింది. నా తెలుగు దానికి సగం అర్థమవుద్ది, మిగతా సగానికి నవ్వొస్తది. దానికి చెప్పబోయి చెప్పలేక ఊరుకున్నాను. ఊరుకుంటే రెండు రోజులు నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

మా తోట బటాంగ్ బెర్జుంటై ఊరు దాటి సముద్రం వైపు ఉండేది. తోటంటే రబ్బరు తోట. తోట చివర ఓ గుట్ట, గుట్ట ఎక్కితే సముద్రం. కూలోళ్ళ ఇళ్ళు వరసగా, లైను అనేవాళ్ళం, ఒకే కప్పు కింద, మధ్యలో పలచటి చెక్క గోడలు. ఒకింట్లో తుమ్మితే నాలుగో ఇంట్లోంచి "సల్లగుండు" అని వినపడేది. అందరం విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినోళ్ళ బిడ్డలమే. నా ముక్కుకి ఇప్పటికీ గుర్తున్న వాసనలు మూడు. పులిసిన రబ్బరు పాల కంపు, ఎండు నెత్తళ్ళ చేపలు కాల్చిన వాసన, మా మామ్మ చుట్ట వాసన. మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి, అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, నోరు మూసుకునే ఊరందరి సంగతులూ చెప్పేది. ఎలా చెప్పేదో ఆ దేవుడికే తెలియాలి. నేనొకసారి దొంగచాటుగా చుట్ట అలాగే పెట్టుకుని నాలిక కాల్చుకున్నాను. మామ్మ నన్ను కొట్టలేదు. "బాగయింది గుంటా, ఇంక రెండ్రోజులు నీ వాగుడు తగ్గుద్ది" అని పకపకా నవ్వింది.

మా అయ్య మొహం నాకు గుర్తు లేదు. ఆయన కాళ్ళు గుర్తున్నాయి, మోకాళ్ళ దాకా తెల్లగా సిమెంటు పట్టిన కాళ్ళు. అదీ నేను చూసిందో, మామ్మ చెప్పగా చెప్పగా చూసినట్టు అనిపిస్తందో తెలీదు. జపాను కాలంలో లారీ తెచ్చి మగోళ్ళని ఎక్కించుకుపోయేవారంట. కొందరిని సయాం రైలు దారి వెయ్యడానికి తీసుకుపోయినారు, వాళ్ళలో తిరిగొచ్చింది తక్కువ. మా అయ్యని గుట్ట మీద పనికి పెట్టినారు. సముద్రం మీంచి తెల్లోళ్ళు తిరిగొస్తే కాల్చడానికి సిమెంటు గూళ్ళు, ఆకాశంలో విమానాలొస్తే కొట్టడానికి గుండ్రంగా పెద్ద తుపాకి గొయ్యి. ఇంటికి దగ్గర పని, సాయంత్రానికి ఇల్లు చేరతాడు, ఎంత అదృష్టమో అని మా అమ్మతో అందరూ అనేవారంట.

ఆ అదృష్టం ఎన్నాళ్ళో లేదు. ఒక వానరోజు పునాది గొయ్యి గట్టు విరిగి జారింది. అయ్య, ఇంకో ఇద్దరు తమిళోళ్ళు మట్టి కింద పడిపోయినారు. తవ్వడానికి వీల్లేదన్నారంట జపానోళ్ళు. విమానాలొచ్చేస్తాయి, పని ఆగకూడదు అని. మర్నాడు వాళ్ళ మీదే సిమెంటు పోయించినారు. పోసింది కూడా మనోళ్ళే. ఏం చేస్తారు పాపం, వెనక తుపాకి ఉంది కదా. అప్పుడు నాకు మూడేళ్ళు.

ఆ సిమెంటు గూడుని మలాయి వాళ్ళు కుబు అనేవారు. మేమూ అదే అన్నాం. జపానోళ్ళు పోయినాక తుపాకీని ఎవరో కోసి ఇనుముకి పట్టుకుపోయినారు. కుబు మాత్రం ఉండిపోయింది. అమ్మకి మాత్రం అది మా అయ్య సమాధి. ప్రతి అమాసకీ అన్నం వండి, నెత్తళ్ళ పులుసు పెట్టి, అరిటాకులో కుబు కిటికీ కింద పెట్టేది. "ఏఁవండీ, కూడు తెచ్చినాను" అని పిలిచేది, ఆయన లోపల పడుకుని ఉన్నట్టే. దూరంగా కూర్చునేవాళ్ళం. కాకి వచ్చి ముట్టేదాకా అమ్మ మెతుకు తినేది కాదు. కాకి వస్తే "తిన్నాడు" అనేది. రాకపోతే ఆ రోజంతా మొహం మాడ్చుకుని, పులుసులో ఉప్పెక్కువైందో, నెత్తళ్ళు పాతవో అని తనని తానే తిట్టుకునేది.

పిల్లలం, మాకు కుబు ఆటస్థలం. తుప్పు పట్టిన మేకులు, బోల్టులు ఏరి ఐస్ ఉండలమ్మే ముసలాడికి ఇస్తే, తలో ఐస్ ఉండ ఎర్రటి పాకం పోసి ఇచ్చేవాడు. మోచెయ్యి దాకా కారేది ఆ పాకం, నాకుతూ ఇంటికొచ్చేవాళ్ళం. ఇంకో పని చేసేదాన్ని, ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కిటికీలో మూతి పెట్టి "అయ్యా!" అని అరిచేదాన్ని. లోపల్నుంచి "అయ్యా" అని తిరిగొచ్చేది. నా గొంతే అని తెలుసు. అయినా అరిచేదాన్ని.

తరవాత, మళ్ళీ తిరిగొచ్చిన తెల్లోళ్ళ పాలనలో ఎమర్జెన్సీ పెట్టినారు. అడివిలోకి పోయి తెల్లోళ్ళ మీద తుపాకి పట్టినోళ్ళని మేం అడివోళ్ళు అనేవాళ్ళం. వాళ్ళు లారీలు కాల్చినారని, ఫలానా తోట దొరని చంపేసినారని రోజూ కబుర్లు. మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేసినారు. ఒకటే గేటు. చీకటి పడితే గేటు మూత. బియ్యం మనిషికింత అని ఇచ్చేవారు. అందులో పిడికెడు కూడా గేటు దాటకూడదు. పనికి పోయేటప్పుడు ఉత్త కోపీ, అంటే కాఫీ నీళ్ళు, సీసాలో పట్టుకుపోవచ్చు, అది కూడా చక్కెర లేకుండా. అన్నం బయటికి పోతే అడివోళ్ళకి పోతుందని దొరల భయం. గేటు దగ్గర మగోళ్ళని మటా, అంటే పోలీసు, తడిమేవాడు. ఆడోళ్ళని తడమడానికి టౌను నుంచి ఒకావిణ్ణి తెచ్చి పెట్టినారు. కొప్పు విప్పించి చూసేది, రవికలోకి చెయ్యి పెట్టేది. మామ్మ ఆవిణ్ణి తెలుగులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మొదటి అమాసకి అమ్మ ఇంట్లోనే మూలన ఆకు వేసింది. "ఇక్కడికెలా వస్తాడు, కంచె దాటి?" అని ఏడ్చింది. రెండో అమాసకి ఇంక ఉండబట్టలేదు.

మా పని ఏమిటంటే, అమ్మ తెల్లారుజామునే చెట్లు గీస్తే కప్పుల్లోకి పాలు కారేవి. నిన్నటి పాలు కప్పు అడుగున, గాటు వెంబడి ఎండి తీగల్లా సాగేవి. వాటిని పీకి సంచిలో వేసుకోవడం నా పని. ఆ సంచి వాసన చూస్తే చచ్చినోడు లేచి పారిపోతాడు. ఎన్నిసార్లు ఉతికినా పోదు. గేటావిడ నా సంచి చూడగానే ముక్కు మూసుకుని "పో, పో" అనేది. అమ్మకి ఆలోచన తట్టింది. పాత రబ్బరు ముక్కలు అడుగున వదిలేసి, మధ్యలో అన్నం పొట్లం పెట్టి, పైన మళ్ళీ రబ్బరు ముక్కలు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, సంచి ఎత్తుకుని గేటు దగ్గర నిలబడినాను. ఆవిడ ముక్కు మూసుకుంది. దాటేసినాం.

కాకి వచ్చేదాకా కూర్చోడానికి లేదు ఇప్పుడు, చెట్లు గియ్యాలి. ఆకు బయట పెడితే గస్తీ వాళ్ళు చూస్తారు. అందుకని అమ్మ నా చేత కుబు కిటికీలోంచి లోపలి అరుగు మీద పెట్టించింది. మధ్యాహ్నం పాలు పట్టడమయినాక, ఇంటికి పోబోయే ముందు ఇద్దరం పరుగున వచ్చి చూసినాం. ఆకు ఖాళీ. ఖాళీ ఒక్కటే కాదు, ఆకు మడిచి ఉంది. తిన్న మనిషి తన వైపుకి మడుస్తాడు చూడండి, వండిన చేతికి దణ్ణం పెట్టినట్టు, అలా శుభ్రంగా మడిచి ఉంది.

అమ్మ ఆ ఆకు తీసి కళ్ళకద్దుకుంది. "సూసినావా గుంటా? మీ అయ్య ఆకు మడిసినాడు. కాకి మడుస్తాదేటి? కోతి మడుస్తాదేటి? ఇన్నాల్లూ కాకినంపినాడు, ఇయేల తనే వచ్చినాడు!" అంది. ఏడుస్తూ నవ్వింది. మా అమ్మ అలా నవ్వడం నేను అంతకు ముందు చూళ్ళేదు. ఇంటికొచ్చి మామ్మ చెవిలో చెప్పింది. మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "నా కొడుక్కి మర్యాద తెలుసు. నానే నేర్పినాను" అంది.

ఆ నెల మా ఇల్లు ఇల్లులా ఉంది. అమ్మ చెట్లు గీస్తూ కూనిరాగం తీసేది. నాకు జడ వేసి మందారం పెట్టింది. తన అన్నంలోంచి రోజూ ఓ గుప్పెడు బియ్యం తీసి దాచడం మొదలెట్టింది. "ఈసారి కడుపునిండా పెట్టాల" అనేది. తను గంజి తాగి పడుకునేది.

మూడో అమాసకి పొట్లం పెద్దదయింది. అయినా ఎలాగో దాటించినాం. ఆ రోజు అమ్మ చెట్ల దగ్గర ఉండిపోయి, నన్నొక్కదాన్నే కుబు దగ్గరికి పంపింది. నేను కిటికీలోంచి ఆకు పెట్టినాను. పెట్టి, అలవాటుగా మూతి పెట్టి "అయ్యా!" అని పిలిచినాను.

తిరిగొచ్చింది నా గొంతు కాదు. ఎవరో దగ్గినారు.

కిటికీలోంచి తొంగి చూసినాను. కళ్ళు చీకటికి అలవాటు పడినాక కనిపించినాడు. నలభయ్యేళ్ళ మనిషి, నెరిసిన గడ్డం, కాళ్ళ నిండా పుళ్ళు. మనలాంటి మనిషే, రబ్బరు గీసే కత్తి పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. ముద్ద కలుపుతూ ఆగి, తమిళంలో అడిగినాడు, "ఇది ఎవరికి పెట్టిన కూడు, పాపా?" అని. మా అయ్యకి అన్నాను. అయ్య ఎక్కడున్నాడు అన్నాడు. నేను వేలు పెట్టి అతను కూర్చున్న నేల చూపించినాను.

చేతిలో ముద్ద ఆకులో పెట్టేసినాడు. నేల వైపు చూసినాడు. అరచెయ్యి సిమెంటు మీద ఆనించి కళ్ళకద్దుకున్నాడు, అప్పుడు మళ్ళీ ముద్ద తీసుకున్నాడు. ఆవురావురుమంటూ తిన్నాడు, అంత ఆకల్లోనూ ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు. తిని ఆకు తన వైపుకి మడిచినాడు. "ఎవరికీ చెప్పకమ్మా. అమాసకి తప్ప నేనిటు రాను" అన్నాడు.

పరుగెత్తుకొచ్చినాను. అమ్మ చెట్టు దగ్గర కత్తి పట్టుకుని నిలబడి, నన్ను చూడగానే "ముట్టినాడా?" అనడిగింది. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను? మీరైతే చెబుదురా? "ముట్టినాడమ్మా, ఆకు మడిసినాడు" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే అమ్మ ఒక్కరోజు ఏడ్చేది. నా నోరు పడిపోనూ, చెప్పలేకపోయినాను.

నాలుగో అమాసకి అమ్మ రెండు పూటల కూడు కట్టింది. నెత్తళ్ళు, వంకాయ, ఎక్కడ సంపాదించిందో బెల్లం ముక్క కూడా. సంచి ఉబ్బెత్తుగా ఉంది. వద్దమ్మా, ఈసారి వద్దు అన్నాను. "మీ అయ్యకి కాపోతే ఎవులికి పెడతానే?" అని కసిరింది. గేటావిడ రోజూ లాగే ముక్కు మూసుకుంది. మూసుకుని, ఏమనుకుందో, రెండో చెయ్యి సంచిలో పెట్టింది.

ఆఫీసుకి తీసుకుపోయినారు ఇద్దర్నీ. బల్ల వెనక కుర్ర తెల్ల దొర, ఎండకి ముక్కు ఎర్రగా తోలు లేచిపోయి ఉంది. పక్కన మా తోట గుమాస్తా. తమిళాయనే, మనిషి మంచివాడు, ఏళ్ళ తరబడి మాతో ఉండి తెలుగు అర్థం చేసుకునేవాడు. దొర అడిగేదీ అమ్మ చెప్పేదీ ఆయనే అటూ ఇటూ చెప్పినాడు. కూడు ఎవరికి అంటే, చచ్చిపోయిన మా ఆయనకి అంది అమ్మ. అయ్య ఎలా పోయిందీ, ఎక్కడున్నదీ అంతా చెప్పింది. గుమాస్తా చేతులు కట్టుకుని దొరకి వివరంగా చెప్పినాడు, మా వాళ్ళు పోయినోళ్ళకి ఇలా పెట్టుకుంటారండీ, ఆచారం, కాకులు తింటాయి, అని. దొర మొహం మెత్తబడింది. ఇంకోసారి చేస్తే జైలు అని చెప్పు అన్నాడంట. గుమాస్తా నా వైపు చూసి కొంచెం నవ్వినాడు కూడా. బయటపడ్డాం అనుకున్నాను.

ఆ దొర ఊరికే ఉంటాడా! ఎందుకైనా మంచిదని ఇద్దరు మటాల్ని కుబు చూసి రమ్మన్నాడు. వాళ్ళు గంటలో తిరిగొచ్చినారు. లోపల మూల దొరికిందంట, పోయిన నెల ఆకు. ఎండి గోధుమరంగు తిరిగింది, మడత మాత్రం అలాగే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టినారు.

"ఇది ఎవరు తిన్నారు?" అనడిగించినాడు దొర.

అమ్మ మొహం వెలిగిపోయింది. "మా ఆయనేనండీ. సూడండి, ఆకు మడిసినాడు. కాకులు మడవవు కదండీ!" అంది. ఆ మడతే మాకు సాక్ష్యం అనుకుంది పిచ్చి తల్లి. మా వాళ్ళలో ఏ ఆడదైనా అదే అనుకునేది. గుమాస్తా తల దించేసుకున్నాడు. ఆ మాట దొరకి చెప్పకుండా నిలబడిపోయినాడు. దొర బల్ల మీద చేత్తో కొట్టినాడు. అప్పుడు చెప్పినాడు, చాలా మెల్లగా.

కుబులో అడివోడున్నాడు, ఈవిడకి తెలుసు, తెలిసే నెలనెలా మేపుతోంది. దొరకి అంతే అర్థమయింది. లారీ పిలవమన్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. అమ్మకి తెలీదని చెబితే వదిలేస్తారేమో అనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్రకి అంతకన్నా ఏటి తోస్తది? గుమాస్తా చొక్కా పట్టుకుని ఒక్క ఊపులో చెప్పేసినాను. "అమ్మకేం తెల్దు. నేనే సూసినాను. ఎవులో మనిషి తిన్నాడు. అయ్య కాదు. అమాసకే వస్తానన్నాడు. అమ్మకి నేను సెప్పలేదు, అమ్మనొగ్గేయండి!"

అమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపముంటే ఎంత బాగుండునో! నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఆఫీసులో ఉన్న వాళ్ళెవరూ లేనట్టే, "అయితే మీ అయ్య తిన్లేదా?" అనడిగింది.

నేను తల అడ్డంగా ఊపినాను.

అమ్మని లారీ ఎక్కించినారు. ఎక్కుతూ ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. మామ్మ పరుగెత్తుకొచ్చి దొర బూట్లు పట్టుకుంది. మా మామ్మ, ఎవరికీ తలొంచని మనిషి, ఎర్ర మట్టిలో బోర్లా పడుకుంది. మటాలు ఆవిణ్ణి లేపి పక్కన కూర్చోబెట్టినారు. నేను లారీ వెనక గేటు దాకా పరుగెత్తినాను. ఆ రోజు నన్ను కంచె దాటనివ్వలేదు.

తరవాత వాళ్ళు చేసింది చెబుతాను. అమ్మ వండిన పొట్లమే తీసుకుపోయినారు. అమ్మ పెట్టే చోటే, కిటికీ లోపల అరుగు మీద, ఆకు విప్పి పెట్టినారు. చుట్టూ పొదల్లో పడుకున్నారు. అతను అమాసకే వస్తాడని వాళ్ళకి చెప్పింది ఎవరు? నేనే కదా. మధ్యాహ్నం మేం ఇంట్లో ఉండగా గుట్ట వైపు నుంచి తుపాకులు పేలినాయి. మామ్మ నా చెవులు మూసింది. అప్పటికే వినేసినాను.

సాయంత్రం గేటు బయట నేల మీద పడుకోబెట్టినారు అతన్ని. అందరూ వరసగా వచ్చి చూడాలి, ఎవరో చెప్పాలి అని ఆర్డరు. మామ్మ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. నేను మొహం వైపు చూడలేదు, చేతి వైపు చూసినాను. కుడిచేతి వేళ్ళకి మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. నాలుగైదు మెతుకులు. పక్క తోటలో చెట్లు గీసేవోడు, పెళ్ళాం బిడ్డలు జపాను కాలంలో జ్వరంతో పోయినారు అని తరవాత గుసగుసగా అనుకున్నారు. ఆ రోజు మాత్రం మా లైనులో ఒక్కరూ నోరు విప్పలేదు. మామ్మ "తెల్దు" అంది, అంతే.

ఆ నెల మా లైను మొత్తానికి బియ్యం సగం చేసినారు. మా వల్ల అందరి పిల్లలూ పస్తులున్నారు. పక్కింటోళ్ళు మాతో మాట మానేసినారు, వాళ్ళని నేనేమీ అనను. అమ్మ ఎక్కడుందో కూడా మూడు నెలలు తెలియలేదు. జైల్లో ఉందని తెలిసినాక ఇంకో భయం పట్టుకుంది. అమ్మ ఇండియాలో పుట్టి, పదేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చిన మనిషి. అలాంటోళ్ళని మళ్ళీ ఓడెక్కించి పంపేస్తున్నారని గుమాస్తా చెప్పినాడు. అక్కడ అమ్మకి ఎవరున్నారు? ఒక్కరూ లేరు. మామ్మ వారం వారం ఆఫీసు అరుగు మీద కూర్చునేది. గుమాస్తా అర్జీలు రాసేవాడు, మామ్మ వేలిముద్ర వేసేది, జవాబు వచ్చేది కాదు. ఆవిడ చుట్ట మానేసింది ఆ రోజుల్లోనే. సముద్రంలో ఓడ కూత వినపడితే చాలు, అమ్మ అందులో ఉందేమో అని నేను కంచె పట్టుకుని నిలబడేదాన్ని.

ఏణ్ణర్ధం తరవాత అమ్మ తిరిగొచ్చింది. ఎందుకు పంపలేదో, ఎందుకు వదిలేసినారో ఎవరూ చెప్పలేదు. జుట్టు సగం నెరిసి, గేటు దగ్గర చేతులెత్తి నిలబడింది, ఎవరూ అడక్కుండానే, తడుముకోండి అన్నట్టు. నన్ను చూసి "పొడుగయినావే" అంది. కొట్టలేదు, తిట్టలేదు. ఎందుకు చెప్పినావని గానీ, ముందే ఎందుకు చెప్పలేదని గానీ ఎన్నడూ అడగలేదు. అమాస వస్తే మామూలు రోజులాగే పనికి పోయేది. ఆకు వెయ్యలేదు, గుట్ట వైపు తిరిగి చూడలేదు. మామ్మ ఒకసారి గుర్తు చెయ్యబోతే "తిన్నది ఆయన కాదు కదత్తా" అని ఊరుకుంది. ఆ మాటకి నేను ఇంటి వెనక్కి పోయి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చినాను.

మెర్దేకా వచ్చింది. స్వతంత్రం అని లారీల్లో మమ్మల్ని టౌనుకి తీసుకుపోయి కాగితం జెండాలిచ్చినారు. కంచె తీసేసినారు. ఇంక కూడు ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు అని మా లైనులో ఆడోళ్ళు సంబరపడి, మర్నాడు చెట్ల కింద కూర్చుని వంతులేసుకుని తిన్నారు. అమ్మని రమ్మంటే రాలేదు. గుమ్మంలో కూర్చుని నెత్తళ్ళ తలలు తుంచుతూ ఉండిపోయింది.

ఇరవై ఏళ్ళు గడిచినాయి. మామ్మ పోయింది, తోట పామాయిలు తోట అయింది, మేం కౌలాలంపూర్ చేరినాం. అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఒక మధ్యాహ్నం గంజి పట్టుకుపోయినాను. రెండు చెంచాలు తాగి, చాలు అని నా చెయ్యి పక్కకి తోసింది. నిన్నటి మాట అడిగినట్టు అడిగింది.

"ఆ మనిసి ఆ రోజు తిన్నాడా?"

ఎవరో నేను అడగలేదు. అడగక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఆవిడ కడుపులో అదే ఉందని నాకప్పుడు తెలిసింది. రెండు పూటల కూడు, నెత్తళ్ళు, వంకాయ, బెల్లం ముక్క, అన్నీ కట్టింది కదా. ఎంత తిన్నాడో నాకేం తెలుసు? ఒక ముద్ద తిన్నాడో, మొదటి ముద్ద నోటి దాకా పోకుండానే కాల్చేసినారో. నాకు తెలిసింది ఆ నాలుగైదు మెతుకులే.

"కడుపునిండా తిన్నాడమ్మా" అన్నాను.

"అయితే సాల్లే. ఎవులో ఒకలు తిన్నారు" అంది అమ్మ. గంజి గిన్నె వైపు చెయ్యి చాపింది. ఇంకో నాలుగు చెంచాలు తాగింది.